ఏ చీమ కుట్టింది మాస్టారూ?

డుంబ్రిగుడ దాటాక, కొండ నడుముకు అతుక్కుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో నేను అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. తొంభైల నడిమి సంగతి. ఆ అయిదేళ్ళలో నేను చంపిన చీమలెన్నో చెబితే మీరు నమ్మరు. మీరు నమ్మబోయినా మా ఆవిడ నమ్మనివ్వదు. నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వినడం పెళ్ళయిన మొదటి వారంలోనే నేర్చేసుకుంది. "బస్సులో రెండొందలమంది ఉన్నారే" అని నేనంటే, "యాభైమంది" అని పైకే అనేసి, చేస్తున్న పని చేసుకుపోయేది. ఆ లెక్క తప్పని నేనెప్పుడూ వాదించలేదు. చాలాసార్లు అది సరిగ్గా సరిపోయేది కూడా.

మాది రెండు గదుల పెంకుటిల్లు. వెనక ఒక మామిడి చెట్టు, దాని కొమ్మలు పెంకుల మీద చేతులు చాపుకుని పడుకునేవి. బట్టలారేసే దండేనికి ఒక కొస ఆ చెట్టుకు, రెండో కొస నేను పాతిన గుంజకు. ఆ గుంజ కొండమీద ఎండి నిలబడ్డ ఒక మోడు. దాన్ని నేనొక్కణ్ణే రెండు మైళ్ళు భుజాన మోసుకొచ్చాను. అరమైలు అంటుంది మా ఆవిడ. వచ్చిన ప్రతివాడికీ ఆ గుంజను చూపించి, దాన్ని మోసిన భుజాన్ని కూడా చూపించేవాణ్ణి.

ఒక సంతరోజు పొద్దున్న మా అమ్మాయికి స్నానం చేయించి, దండెం మీది గౌను తీసి తొడిగాను. దానికప్పుడు నాలుగేళ్ళు. గౌను తల దాటిందో లేదో "నాన్నా!" అని ఒక్క అరుపు అరిచింది. మెడ వెనక ఏదో కుట్టింది. గౌను లాగి విదిలిస్తే ఒక చీమ నేలమీద పడింది. కాలితో రాశాను. అది మట్టిలో మట్టి అయిపోయేదాకా రాశాను. నెత్తురు చూస్తే గాని చల్లారని కోపం నాది.

చీమ చచ్చింది గాని పిల్ల ఆగలేదు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పెదవులు వాచాయి. తర్వాత కళ్ళు మూసుకుపోయాయి. నా కళ్ళముందే, నా చేతుల్లోనే, పిల్ల ముఖం పిల్ల ముఖం కాకుండా పోయింది.

"ఏమే, బేగి రా! పిల్ల ముఖం గుమ్మడికాయంత అయిపోయింది!"

పెరట్లోంచి తాపీగా జవాబొచ్చింది. "గుమ్మడికాయంతా? అయితే బత్తాయంత అయ్యుంటాది. ఈ బియ్యం కడిగీసి వత్తన్నానుండండి."

కడిగింది. రెండు నీళ్ళూ కడిగింది. బియ్యం గిన్నె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, పిల్లను చూసింది. గిన్నె ఎక్కడ పడిందో, బియ్యం ఎక్కడికి పోయాయో ఇప్పటికీ మా ఇద్దరికీ తెలియదు. అప్పటికే పిల్ల గొంతులోంచి ఊపిరికి బదులు ఈల వస్తోంది.

సంత జీపు మలుపు తిరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. లోపల, పైన, వెనక వేలాడుతూ ఒక ఊరంతా ఉంది అందులో. అల్లం బస్తాలు, కోళ్ళు, మేక. పిల్లను చూసి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అందరూ దిగిపోయారు. దిగనిదల్లా మేకే, దాన్ని డ్రైవరు కొమ్ములు పట్టి ఈడ్చి పడేశాడు. ఆ కొండ మలుపుల్లో అతను తోలిన తోలుడుకు నా పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. మా ఆవిడ దారి పొడుగునా నా ముంజేతిని పట్టుకునే ఉంది. దిగేసరికి చేతిమీద నాలుగు గోళ్ళూ దిగబడ్డ గుంటలు, నెత్తురుతో.

ఆస్పత్రిలో డాక్టరు సూది మీద సూది వేశాడు. కాంపౌండరు నీలం బాల్‌పెన్నుతో పిల్ల మెడ మీది వాపు చుట్టూ గీత గీశాడు, వాపు గీత దాటుతోందో లేదో చూడటానికి. ఆ గీతకేసి మేమిద్దరం ఎంతసేపు చూశామో చెప్పను. చెబితే మీరూ భాగిస్తారు. చివరికి గీత గెలిచింది. ఈల ఆగి, ఊపిరి ఊపిరిలా వచ్చింది.

అప్పుడు డాక్టరు మొహం తుడుచుకుని నన్ను అడిగాడు.

"ఏ చీమ కుట్టింది మాస్టారూ?"

"చాలా పెద్దదండీ. ఇంతుంటుంది" అని నా చూపుడువేలు మొదలు నుంచి కొస దాకా చూపించాను. సరిపోలేదనిపించి అరచేతిలో కూడా కొంచెం కలిపాను.

"అది చీమ కాదు, సంతలో అమ్మే రొయ్య. రంగేమిటి?"

"నల్లగా... ఎర్రగా... నిప్పులా..."

"కొరికిందా, కుట్టిందా? నోటితోనా, తోకతోనా?"

నాకు తెలియదు. నేను దాన్ని మట్టిలో కలిపేశాను కదా.

డాక్టరు నన్నొదిలేసి మా ఆవిడతో మాట్లాడాడు. "అమ్మా, ఈ పిల్ల ఒంటికి ఆ విషం పడదు. ఒకసారి ఇలా అయితే, రెండోసారి ఇంతకంటే జోరుగా అవ్వొచ్చు. ఆ రోజు సంత ఉండకపోవచ్చు, జీపు రాకపోవచ్చు." మళ్ళీ నావైపు తిరిగాడు. "అది ఏ చీమో, ఇంట్లో ఎక్కడుందో కనిపెట్టండి. నలపకుండా, కాళ్ళతో సహా, సీసాలో పెట్టి తెచ్చి చూపించండి."

మా ఆవిడ పిల్లను చంకనెత్తుకుని ఒక్కటే మాట అంది. "వచ్చే సంత దాకా సూత్తానండి. ఈలోగా అది దొరక్కపోతే పిల్లని తీసుకుని పార్వతీపురం మా అమ్మోళ్ళింటికి ఎల్లిపోతాను. మళ్ళీ ఈ కొండెక్కను."

ఆ వారం మా ఆవిడ పిల్ల కాలు నేలకు ఆననివ్వలేదు. వంట చేస్తున్నా, అంట్లు తోముతున్నా తల్లి నడుం మీదే. గౌను తొడగాలంటే ముందు దాన్ని తిరగేసి, రాయికేసి చాకిరేవులో ఉతికినట్టు బాది, అప్పుడు తొడిగేది. మెడ మీది నీలం గీతను రుద్దనివ్వలేదు. నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడదామన్నా ఏం మాట్లాడుతుంది? బియ్యం రెండో నీళ్ళు కడిగింది తనే. అలా కడిగేలా చేసింది నేను.

నాకు శత్రువు కావాలి. శత్రువు తలెత్తితే కనిపించేలా ఉన్నాడు. మా మామిడి చెట్టు నిండా ఆకుల్ని కలిపి కుట్టిన సంచుల్లాంటి గూళ్ళు, వాటిల్లో ఎర్రచీమలు. మనిషి చెట్టుకింద నిలబడితే చాలు, తలమీద దూకి కరుస్తాయి. ఇంతకంటే దొంగమొహం ఇంకెవరికుంటుంది? విచారణ అక్కర్లేదనుకున్నాను.

మర్నాడు బడి వదిలాక వెదురుగడకు పాత గోనె చుట్టి, కిరసనాయిలు పోసి, అంటించి చెట్టెక్కాను. మొదటి గూడు అంటుకోగానే చిటపటమని ఆవాలు పేలినట్టు పేలాయి. రెండోది, మూడోది. కాలుతున్న చీమలు నామీద వర్షంలా కురిశాయి. కాలుతూ కూడా కరిచాయి! తల తెగిపోయినా దవడలు వదల్లేదు. మెడలో, చంకల్లో, కనురెప్ప మీద, లుంగీలో దూరి ఇక్కడ రాయలేని చోట. నేను అరుస్తూ కాల్చాను, కాలుస్తూ అరిచాను. కొమ్మల మీద గుడ్లు నోట పట్టుకుని పారిపోతున్న వాటినీ వదల్లేదు, మంటతో తరిమి తరిమి కాల్చాను. ఆ పూట ఎవరైనా నా మొహం చూసుంటే పిల్లల్ని బడికి పంపేవారు కాదు.

చూసింది ఒకావిడ. పక్కింటి ముసలమ్మ, ఆ కొండ మనిషి. చేతిలో కత్తితోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏటి సేత్తన్నావు మేస్టరూ! నీ సేతులిరిగిపోను! మా గూళ్ళు తగలెట్టీసినావేటి!"

"మీ గూళ్ళేమిటి? ఇది నేనుంటున్న ఇంటి చెట్టు!"

"ఇల్లు నీదైతే చెట్టు నీదేటి? నీకంటే ముందు ముగ్గురు మేస్టర్లొచ్చినారు, ఎల్లినారు. ఆ చీమలు మాయి. మా అత్త కాడి నుంచీ మాయి. దిగు ముందు, దిగు, నీ పని సెప్తాను!"

నేను దిగలేదు. జారిపడ్డాను. మా కొండల్లో చాలామంది ఆ చీమల్ని గుడ్లతో సహా దులిపి, ఉప్పూ మిరపకాయలూ వేసి నూరి పచ్చడి చేసుకుంటారు. పుల్లగా ఉంటుంది. జలుబుకీ జ్వరానికీ మంచిదంటారు. ఏ చెట్టు చీమలు ఏ ఇంటివో అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. ముసలామె మొగుడు వారం నుంచి జ్వరంతో ఉన్నాడట. ఆ పూటే గూడు కోద్దామని కత్తి నూరుకుంటోందట. నేను వాళ్ళ మందునీ కూరనీ ఒక్క మంటలో బూడిద చేశాను.

"నా కూతుర్ని చంపబోయాయివి!" అన్నాను నేలమీద దొర్లుతూ.

ఆమె నన్ను పొంగిన బూరెను చూసినట్టు చూసింది. "నిన్నెన్ని కరిసినాయి?"

"వెయ్యి."

"వెయ్యి కరిసినా నోరు లేత్తంది నీకు. ఒక్కటి కరిత్తేనే నీ గుంటకి ఊపిరాడలేదంట. ఇయ్యి కావు మేస్టరూ. ఇయ్యి నోటితో కరిసీవి. గుంటని కుట్టింది తోకతో కుట్టీది."

నాకు నమ్మాలనిపించలేదు. అంత యుద్ధం చేసి వచ్చాక పొరపాటు శత్రువని ఎవరు ఒప్పుకుంటారు? మసిబారిన చీమల్ని గుప్పెడు ఏరి, సీసాలో పోసి ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. డాక్టరు మూత తీసి వాసన చూశాడు.

"వేయించిన ఉలవలు తెచ్చారేంటి మాస్టారూ? నేను చీమను తెమ్మన్నాను."

నాలుగో రోజు నుంచి మా ఇంట్లోకి కొత్తవాళ్ళు రావడం మొదలుపెట్టారు. బారుల్లో కాదు, ఒక్కొక్కటిగా. సన్నగా, పొడుగ్గా, నల్లటి తల, నల్లటి వెనకభాగం, మధ్యలో ఇటుక రంగు నడుం. ఒకటి మామిడి కొమ్మమీద. ఒకటి కిటికీ చువ్వమీద. అయిదో రోజు పొద్దున్న ఒకటి పిల్ల తలగడ మీద. మా ఆవిడ పిల్లను ఎత్తుకుని మంచం మీంచి దూకిన దూకుడుకు నులక తెగింది. నేను చెప్పు ఎత్తాను.

"కొట్టకండి!" అంది. అయిదు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. "నలిపేత్తే మళ్ళీ ఏది ఏదో తెలవదు. ఆ మామ్మని పిలవండి."

ముసలామె వచ్చింది. ఇంకా కోపంగానే ఉంది, అయినా వచ్చింది. ఒక్కొక్క చీమనూ మేం ఆస్పత్రి నుంచి తెచ్చిన ఖాళీ ఇంజక్షను సీసాలతో బోర్లించి పట్టుకుంది. వంటింటి చలిచీమ ఒకటి, గోడవార తిరిగే నల్ల గండుచీమ ఒకటి, ఈ ఇటుక నడుంది ఒకటి. మంట తప్పించుకున్న ఎర్రచీమ కూడా ఒకటి. నాలుగు సీసాలు పీటమీద పెట్టి నా వైపు చూసింది.

"సెయ్యి సాపు."

"నా చెయ్యెందుకు?"

"గుంటని ఏది కుట్టిందో తెలవాలంటే ఇంటోడు కుట్టించుకోవాల. మాకదే రివాజు. నీ గుంటకి నన్ను సెయ్యి సాపమంతావేటి?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చంకలో పిల్లను సర్దుకుని, ఖాళీగా ఉన్న చేత్తో నా చొక్కా మడిచింది. మోచేయి దాకా మడిచింది.

చలిచీమది లెక్కలోకి రాదు. గండుచీమ కొరికితే పటకారుతో గిల్లినట్టుంది. "ఓర్చుకున్నాను" అన్నాను గర్వంగా. ఎర్రచీమ దవడలు దింపి, వెనకభాగం వంచి పులుసు చిమ్మింది. భగ్గుమంది గాని కాసేపటికి ఆరింది. రెండు దవడల గాట్లు పక్కపక్కన కనబడ్డాయి.

నాలుగో సీసా బోర్లించింది. ఆ సన్నటిది నా చేతిమీద రెండడుగులు నడిచింది. ఆగింది. మీసాలతో తట్టి చూసింది. తర్వాత నడుం వంచి తోక దింపింది.

దబ్బనం ఎర్రగా కాల్చి గుచ్చి, లోపల తిప్పినట్టు! పీట తన్నేశాను. ముసలామె నా మణికట్టును ఉడుంపట్టు పట్టి పీకనివ్వలేదు. "కదపకు, సూడనియ్యి" అంటుంది. నా కేకకు ఎదురు కొండ మీది మేకలు చెదిరిపోయాయని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది నేనే అనుకోండి. నొప్పి మోచేయి దాకా పాకింది. చర్మం మీద ఒకే ఒక చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం, ఆ వలయం చుట్టూ ఎరుపు.

మా ఆవిడ పిల్ల జుట్టు పైకెత్తింది. మెడ వెనక నీలం గీత ఇంకా ఉంది. దాని నడుమ ఎండిపోయిన చుక్క. ఒకటే.

"ఇదేనండి" అంది. "ఇదే అది."

"ఇప్పుడు దీని ఇల్లేదో సూడాల" అంది ముసలామె. ఎండు చేప ముక్క ఒకటి కిటికీ మీద పెట్టి కూర్చుంది. ఇటుక నడుం చీమ ఒకటి వచ్చింది. ముక్క పట్టుకుని చువ్వ దిగింది, గోడ దిగింది, పెరడు దాటింది. వెనకాల మేం ముగ్గురం, చంకలో పిల్ల, ఊరేగింపులా. అది తిన్నగా వెళ్ళి నా గుంజ ఎక్కింది. నేను రెండు మైళ్ళు మోసుకొచ్చి, వచ్చినవాళ్ళందరికీ చూపించిన గుంజ. పైకొసన, దండెం ముడి పక్కనే, పెన్సిలు దూరేంత కన్నం. చీమ అందులోకి పోయింది. కన్నం కిందే మా అమ్మాయి గౌన్లు మూడు ఆరుతున్నాయి.

నేను గొడ్డలి కోసం పరుగెత్తాను.

"ఒగ్గీ గొడ్డలి!" అని ముసలామె నా చొక్కా పట్టి లాగింది. "దెబ్బేత్తే అన్నీ బయటికొచ్చి పెరడంతా సెదిరిపోతాయి. అప్పుడు గుంటనెక్కడ దాసుకుంతావు? ఎండుకర్ర ఉంటే ఇయ్యి సేరతాయి. నువ్వే తెచ్చి నాటినావు. సెట్టు మీద ఎర్రయ్యున్నాయని భయపడి ఇన్నాళ్ళూ ఆ గుంజకే పడున్నాయి. ఎర్రవాటిని నువ్వే తగలెట్టీసినావు. ఇంకేటుంది, ఇంట్లోకొచ్చినాయి."

కన్నంలో ముందు మైనం కొట్టాం. తడిగోనె చుట్టాం. నేనే మెల్లగా, పిల్లను నిద్రలోంచి ఎత్తినంత మెల్లగా గుంజను పెకిలించాను. గొయ్యి తీసి నిప్పులు నింపి అందులో పడుకోబెట్టాం. గోనె ఆరింది, కర్ర అంటుకుంది. లోపల సన్నగా చప్పుడు మొదలైంది. మొన్న చెట్టు మీద ఆ చప్పుడు విని కేకలు వేశాను. ఈసారి వేయబుద్ధి కాలేదు. చప్పుడు ఆగేదాకా ముగ్గురం నిలబడ్డాం.

సంతనాడు ఆస్పత్రికి వెళ్ళాను. పెన్సిలిన్ సీసాలో, ఇప్పసారాలో మునిగి, ఆరు కాళ్ళూ మీసాలూ సరిగ్గా ఉన్న చీమ. డాక్టరు భూతద్దం పెట్టుకుని, "ఎంతుంది?" అన్నాడు.

"సెంటీమీటరు మీద రెండు మిల్లీమీటర్లండీ. బడి స్కేలుతో మూడుసార్లు కొలిచాను."

ఆయన అద్దం పక్కనబెట్టి నన్ను చూశాడు. తోకతో కుట్టే నలుపు ఎరుపు చీమ అని చీటీ మీద రాసి, దాని పేరు తనకూ తెలియదన్నాడు. పేరు నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. కొండల్లో పురుగులు ఏరుకుంటూ తిరిగే ఒక పరిశోధక కుర్రవాడు అప్పటికి నేను పనిచేస్తున్న ఇంకో ఊరి బడి వరండాలో టీ తాగుతూ, నేను దాచిన ఆ సీసాను ఒక్కసారి చూసి "టెట్రాపోనెరా రూఫోనైగ్రా" అన్నాడు. ఎండు కర్రల్లో ఉంటుంది, చాలా చెడ్డగా కుడుతుంది, కొందరికి ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. పక్కింటి ముసలమ్మ చెప్పినదానికి లాటిన్ కలిపాడంతే.

డాక్టరు మా ఆవిడకు ఇంజక్షను వేయడం నేర్పి, మళ్ళీ కుడితే వేయమని సూదీ, ఒక మందు సీసా ఇచ్చి పంపాడు. ఆవిడ పార్వతీపురం వెళ్ళలేదు. కాని ముసలామె షరతు ఒకటి మిగిలింది. కొండమీద దూరంగా ఉన్న తన ఇంకో చెట్టు నుంచి ఎర్రచీమల గూడు ఒకటి కొమ్మతో సహా కోసి తెచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వు కాల్సిన సోటే నువ్వు కట్టు. ఇయ్యుంటే అయ్యి మళ్ళీ సెట్టెక్కవు."

ఎక్కి కట్టాను. మంట లేకుండా, వట్టి చేతుల్తో. అవి నన్ను ఎలా గుర్తుపట్టాయో గాని పగబట్టినట్టు కరిచాయి. మా ఆవిడ పిల్లకు కిటికీలోంచి చూపించి, "మీ నాన్న అరుపులు లెక్కెట్టమ్మా, అంకెలొత్తాయి" అంది.

మరుసటి ఏడు ఎండాకాలం. పిల్ల పెరట్లో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి "అమ్మా!" అని అరిచి కాలు పట్టుకుంది. నేను గుమ్మడికాయ అనలేదు, కొండ అనలేదు. నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"రా."

ఆవిడ పొయ్యి మీది గంజి తన్నుకుని వచ్చింది. పాదం కాలిందని కూడా చూసుకోలేదు. ఒక చేతిలో సూది, ఒక చేతిలో మందు సీసా. మోకాళ్ళ మీద పడి పిల్ల కాలు లాక్కుంది.

పిల్ల కాలు వెనక్కి తీసుకుని, బొటనవేలికి వేలాడుతున్న దాన్ని రెండు వేళ్ళతో పీకి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఎర్రదేనమ్మా. కరిసీదే. కుట్టీది కాదు."

అని దాని వెనకభాగం పళ్ళతో కొరికి నమిలింది. పక్కింటి మామ్మ నేర్పినట్టుంది.

"పుల్లగా ఉంది. నీకు కావాలా నాన్నా?"

మా ఆవిడ సూది పట్టుకునే నేలమీద చతికిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. తన పాదం మీద బొబ్బ లేస్తోంది.

"ఎంతుందే బొబ్బ?" అన్నాను.

"గుమ్మడికాయంత" అంది.